పేదరికం లెక్క: ముప్పై రోజులా, ఏడు రోజులా?

అర్థశాస్త్రం చదవడం మొదలుపెట్టిన విద్యార్థికి తొలి ఏడాదిలోనే ఒక చిక్కు ఎదురవుతుంది. పేరున్న ఆర్థికవేత్తలు ఇద్దరు ఒకే దేశం గురించి, ఒకే కాలం గురించి రెండు రకాలుగా చెబుతారు. ఎవరో ఒకరి పక్షం చేరిపోవడం సులువు. కానీ వాళ్లు ఏ కొలత దగ్గర విడిపోయారో వెతకడం మేలు. భారత పేదరికంపై జరిగిన వాదన ఇందుకు మంచి ఉదాహరణ.

1993–94లో దేశ జనాభాలో 36 శాతం ఉన్న పేదలు 1999–2000 నాటికి 26 శాతానికి తగ్గారని ప్రణాళికా సంఘం లెక్క. ఆర్థిక సంస్కరణల సమర్థకులు దీన్ని విజయంగా చూపారు. విమర్శకులు నమ్మలేదు.

అసలు పేచీ ప్రశ్నావళిలో ఉంది. 1993–94లో జాతీయ నమూనా సర్వే సిబ్బంది బియ్యం, పప్పు, నూనెల వాడకాన్ని గత 30 రోజులకు అడిగారు. 1999–2000లో అదే కుటుంబాన్ని 30 రోజులకూ, 7 రోజులకూ పక్కపక్కనే అడిగారు. వారం ఖర్చు బాగా గుర్తుంటుంది, నెల ఖర్చులో కొంత మరుపున పడుతుంది. రెండూ ఒకేసారి అడిగితే, పొంతన కోసం నెల లెక్కను పెంచి చెప్పే అవకాశం ఉంది. ఖర్చు పెరిగితే కాగితం మీద పేదలు తగ్గుతారు.

ఆంగస్ డీటన్ ఒక ఉపాయం కనిపెట్టారు. ఇంధనం వంటి కొన్ని పద్దులను రెండు సర్వేల్లోనూ 30 రోజులకే అడిగారు. వాటి ఆధారంగా మొత్తం ఖర్చును అంచనా కట్టి, తగ్గుదలలో ఎక్కువ భాగం నిజమేననీ, ప్రకటించినంత మాత్రం కాదనీ ఆయన తేల్చారు. అభిజిత్ సేన్, హిమాంశు తగ్గుదల ఇంకా తక్కువేనని వాదించారు. 2004–05లో పాత పద్ధతి లెక్కన 27.5 శాతం వచ్చింది. మధ్యలో పేదరికం పెరిగి ఉంటే తప్ప, ఆ 26 శాతం నమ్మదగ్గ అంకె కాదు.

ఇది పండితుల కాలక్షేపం కాదు. 1997లో చౌకధరల బియ్యం, గోధుమలను పేదలకు ప్రత్యేకంగా కేటాయించినప్పుడు, ఏ రాష్ట్రంలో ఎన్ని పేద కుటుంబాలున్నాయో తేల్చడానికి 1993–94 అంచనాలే ఆధారమయ్యాయి. అంకె తప్పితే ఎవరి పళ్లెంలోనో మెతుకులు తగ్గుతాయి.

ఈ ప్రశ్న నేటికీ పాతబడలేదు. 2017–18 సర్వే ఫలితాలను ప్రభుత్వం విడుదల చేయలేదు. 2022–23లో పద్ధతి మళ్లీ మారింది. ఒకేసారి అన్నీ అడిగే బదులు సిబ్బంది ప్రతి ఇంటికీ మూడు నెలల్లో మూడుసార్లు వెళ్లారు. ఆ ఫలితాలను 2011–12తో నేరుగా పోల్చి పేదరికం ఇంత తగ్గిందనేవారినీ, అసలు తగ్గలేదనేవారినీ విద్యార్థి ముందుగా అడగాల్సింది ఒకటే: ఇంటివాళ్లను ఏమని అడిగారు, ఎన్ని రోజుల లెక్క అడిగారు?