సెంటర్‌లో నిలబడే హక్కు

తెనాలిలో రణరంగ చౌక్ అంటే తెలియనివాళ్ళుండరు. మా ఈడు వాళ్ళకి మాత్రం అదొక గుర్తు. "అక్కడ దిగు, నేనొచ్చి ఎక్కించుకుంటా" అని ఫోన్‌లో చెప్పుకునే చోటు. పేరులో రణరంగం ఎందుకుందని అడిగేవాళ్ళు తక్కువ.

1942 ఆగస్టు 8న బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం చేశారు. తెల్లారేసరికి గాంధీ, నెహ్రూ సహా పెద్ద నాయకులంతా అరెస్టయ్యారు. 12న తెనాలిలో బంద్. జనం రైల్వేస్టేషన్ మీదికి వెళ్ళి తగలబెట్టారు. తర్వాత పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు చనిపోయారు. చౌక్‌లోని ఏడు స్తూపాలు వాళ్ళవే. ఏటా ఆగస్టు 12న అక్కడ నివాళులర్పిస్తారు.

ఇప్పుడు బ్రిటిష్‌వాళ్ళు లేరు. ఆయుధాలు లేకుండా, శాంతియుతంగా గుమికూడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణలోనే ఉంది. మరి ఆ హక్కుని ఎక్కడ వాడుకోవాలి?

"చేతిలో ఫోనుండగా రోడ్డెక్కడం ఎందుకు, ట్రెండింగ్ చేస్తే పోలా?" అంటారు నాతో పనిచేసే కుర్రాళ్ళు. నేనూ సాఫ్ట్‌వేర్‌వాణ్ణే కాబట్టి చెప్తున్నా. మీరు దేని దగ్గర ఆగితే ఫోన్ అలాంటివే ఇంకో పది చూపిస్తుంది. నచ్చనిది వేలితో తోసేస్తే పోతుంది. సెంటర్‌లో అలా కుదరదు. జీతం అందని ఆయమ్మ ప్లకార్డు పట్టుకుని నిలబడితే, కూరగాయలకి బయల్దేరిన మీ కంట పడుతుంది. మీరు ఒప్పుకోకపోవచ్చు. కానీ చూడలేదని అనలేరు.

అందుకే చోటు ముఖ్యం. హైదరాబాద్‌లో ఇందిరా పార్క్ దగ్గరి ధర్నా చౌక్‌లో 2017లో నిరసనలు ఆపేసి, ఊరి శివార్లలో చేసుకోమన్నారు. గొడవ హైకోర్టుదాకా వెళ్ళింది. 2018లో కోర్టు ఉత్తర్వులతో మళ్ళీ అక్కడ గొంతులు వినిపించాయి.

చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళ బాధ కూడా అబద్ధం కాదు. మైకుల గోల, ట్రాఫిక్ జామ్ వాళ్ళే భరించాలి. సరే, మైకుకి టైం పెట్టండి. అంబులెన్స్‌కి దారి ఉండేలా చూడండి. అంతేగానీ, వినేవాడే లేనిచోటికి పోయి అరుచుకోమంటే అది అనుమతి ఎలా అవుతుంది?

ఈసారి మీ ఊరి సెంటర్‌లో ఎవరైనా టెంటు వేసుకుని కూర్చుంటే, జై కొట్టక్కర్లేదు. బండి పక్కకి ఆపి, ఒక్క నిమిషం వాళ్ళ బ్యానర్ చదవండి.