నడవడియు నేర్పదగిన విద్యయే

ఇల్లు లేక సంరక్షణగృహములలో పెరుగు బాలికలలో కొందరు పిలిచిన పలుకరు, తోటివారిపై చేయి చేసికొందురు, గోడ దూకి పారిపోవుదురు. లోకము వారికి "మంకుపిల్ల" అని పేరు పెట్టును. గదిలో మూసిన బుద్ధి వచ్చునని కొందరు, కుట్టుమిషను ముందు కూర్చుండబెట్టిన తామే బాగుపడుదురని కొందరు తలంతురు. ఈ రెండు తలంపులును చాలవని మా అభిప్రాయము.

అమెరికాలో 1961వ సంవత్సరమున మార్షా లైనహాన్ అను 17 ఏండ్ల బాలికను హార్ట్‌ఫర్డ్ నగరమందలి మానసిక వైద్యశాలలో చేర్చిరి. తన్ను తానే గాయపరచుకొనుచుండుటచే ఆమెను ఒంటరిగదిలో నుంచిరి. రెండేండ్లకు పైగా ఆమె ఆ వైద్యశాలలోనే గడిపెను. ఆ బాలికయే పిమ్మట మనస్తత్వశాస్త్రాచార్యురాలై, 1993లో ఒక శిక్షణవిధానమును గ్రంథరూపమున వెలువరించెను. మనస్సును నిలుపుట, బాధను హాని లేకుండ ఓర్చుట, ఉద్రేకమును గుర్తించి అదుపులో నుంచుట, కావలసినది మర్యాదగా నడిగి కూడనిదానిని కాదనుట – ఇవి అందలి పాఠములు. చెప్పుట, చేయించుట, ఇంటిపని యిచ్చుట అందలి క్రమము. తరువాతివారు దీనిని కౌమారవయస్కులకును అనువుగా మార్చిరి. తన పూర్వకథను ఆమె 2011లో ఆ వైద్యశాలలోనే బహిరంగముగా చెప్పెను.

మేము పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయశిక్షణ పొందిన దినములలో అక్షరము నేర్పుటకు పద్ధతి కలదని నేర్చితిమి. కోపము నాపుకొనుటకును పద్ధతి కలదని మాకెవరును చెప్పలేదు.

ఇట్టి బోధనవలన క్రమశిక్షణ సడలునని కొందరందురు. దండన తప్పును ఆ పూటకు ఆపవచ్చును. దానికి బదులు ఏమి చేయవలెనో చెప్పదు. చేతివృత్తి వలదని మేమనము. కాని యజమాని ఒక మాట యన్నంతనే కత్తెర విసరివేసి వచ్చు బాలికకు కుట్టుపని ఎన్నాళ్లు అన్నము పెట్టును? మన దేశమున 2015 నాటి బాలల న్యాయచట్టము వృత్తినైపుణ్యముతోబాటు జీవననైపుణ్యములను, మానసిక సహాయమును గూడ పేర్కొనుచున్నది. సంరక్షణగృహములలో దేహదండనను నేరముగా నెంచుచున్నది. 18 ఏండ్లు నిండి గృహము విడుచు బాలికకు వెంటవచ్చునది ఈ అభ్యాసమే.

మనవంటి భాషాల్పసంఖ్యాకులకు ఇందు మరియొక కర్తవ్యము కలదు. తెలుగింట పుట్టిన బాలిక అన్యభాష వ్యవహరించు గృహమున చేరినచో తన బెంగను, రోషమును, అలుకను ఏ మాటతో చెప్పుకొనును? మాట లేనిచోట చేయి లేచును. ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు వసతి కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. బడిలో కోరిన తెలుగును ఆ గృహములలోను కోరుట న్యాయము కాదా?

తల్లులారా! అధికారుల అనుమతితో అట్టి గృహమునకు వెళ్లి, తెలుగు బాలికలతో వారమున కొక గంట తెలుగున మాటలాడుడు. విద్యార్థినులారా! అచ్చటినుండి వచ్చిన బాలిక మీ ప్రక్క కూర్చున్నచో ఆమెకు పేర్లు పెట్టకుడు. అక్షరము తప్పిన బిడ్డను పలక తుడిచి మరల వ్రాయుమందుము. నడవడి తప్పిన బిడ్డకును ఆ పాటి ఓర్పు మనము చూపవలదా?