పదను పోయాక బ్యాటరీ ఎందుకు?

ముదిగుబ్బ ప్రాంతంలో ట్రాక్టరును మిట్ట మీద నిలపడం కొందరికి అలవాటు. పొద్దున సెల్ఫ్ పలకకపోతే పల్లానికి దొర్లించి గేరు వేస్తారు, ఇంజను అందుకుంటుంది. దీన్ని తెలివి అనుకుంటున్నారు గాని, ఇది బ్యాటరీ జబ్బును దాచిపెట్టడమే.

బ్యాటరీ నాసిరకం అని అమ్మినవారిని తిట్టడం పరిపాటి అయింది. అలాంటివీ కొన్ని ఉండవచ్చు. కాని చాలా బ్యాటరీలు చెడేది అర్ధాకలితోనే. ఇంటి నుండి చేనికి, చేను నుండి బస్టాండుకు, రెండు మూడు కిలోమీటర్లకు ఒకసారి ఆపి మళ్ళీ సెల్ఫ్ కొడతాము. ఒక్క స్టార్టుకు ఖర్చయ్యేది కొద్దే. పదే పదే కొట్టి, పైగా ఇంజను ఆపి పాటలు పెట్టుకుంటే, ఐదు నిమిషాల ప్రయాణంలో ఆ లోటు తీరదు. బ్యాటరీ మొదట తొందరగా, చివర బహు నిదానంగా నిండుతుంది. కదిరి దాకా పోయి వచ్చిన రోజున దానికి కాస్త కడుపు నిండుతుంది. సగం ఖాళీగా వారాల తరబడి ఉంటే లోపలి సీసపు పలకల మీద లెడ్ సల్ఫేటు గట్టిపడుతుంది. ఆ తరువాత ఎంత ఛార్జి పెట్టినా పాత సత్తువ రాదు.

కరువు ఏడు ఇంకా కష్టం. ట్రాక్టరు నెలల తరబడి కదలదు. ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వాడకపోయినా బ్యాటరీ తనంతట తానే దిగిపోతుంది, వేడికి మరింత త్వరగా. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే. వేరుశనగ విత్తడానికి పదను నిలిచేది కొద్ది రోజులు. ఆ పొద్దున సెల్ఫ్ 'టక్' మని ఊరుకుంటే, పోయేది బ్యాటరీ ఖరీదు మాత్రమే కాదు.

ఇంజనును ఇంటి ముందు ఐదు నిమిషాలు ఊరికే తిప్పి ఆపేవారున్నారు. డీజిలు దండగ. వారానికి ఒకసారి ముక్కాలు గంటైనా ఆపకుండా నడపాలి, లేదా నెలకొకసారి షాపులో నిదానంగా ఛార్జి పెట్టించాలి. ట్రాక్టరు చాలాకాలం నిలిపేటట్లయితే నెగటివ్ వైరు విప్పి ఉంచడం మేలు. మీటరు పెట్టి చూడడం ఎలక్ట్రీషియన్‌కు నిమిషం పని. రాత్రంతా ఆగిన 12 వోల్టుల బ్యాటరీ 12.6 చూపితే నిండినట్లు, 12.4 కంటే తగ్గితే ఛార్జికి పంపవలసిందే. ఇంజను నడుస్తుండగా 14 వోల్టుల దరిదాపుల్లో లేకపోతే తప్పు బ్యాటరీది కాదు, డైనమోనో, బెల్టునో చూడాలి.

మూతలు తీసే రకమైతే డిస్టిల్డ్ వాటరే పోయాలి. దగ్గరలో బోరు ఉందని చెంబుతో పట్టి పోసేవారిని చూశాము. ఆ నీటిలోని లవణాలు పలకలను తినేస్తాయి. అడుగు పడిన నీళ్ళకు బదులు ఆసిడ్ కలపడమూ తప్పే. ఛార్జి అవుతున్నప్పుడు పక్కన బీడీ వెలిగించరాదు, లోపలి నుండి వచ్చే గ్యాసు అంటుకుంటుంది.

ఈ పరీక్షలన్నీ మృగశిర కార్తెలో మబ్బు పట్టాక కాదు, రోహిణి కార్తెలో ఎండ మండుతున్నప్పుడే ముగించుకోవాలి. వాన పడిన మర్నాడు ఛార్జింగ్ షాపు ముందు ఊరంతా వరుసలో నిలుస్తుంది.