గుర్తుల కథలు: తుపాకి మీద మూడక్షరాలు

కిందటి సంచికలో మన నాణేల మీది టంకశాల గుర్తుల గురించి చెప్పుకున్నాం. సంవత్సరం అంకె కింద నక్షత్రముంటే హైదరాబాదు, వజ్రముంటే బొంబాయి, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కలకత్తా. 'నేను ఫలానా చోట పుట్టాను' అని చెప్పుకునే గుర్తులవి. ఈసారి దానికి పూర్తిగా ఎదురైన పద్ధతి చూద్దాం. ఎక్కడ పుట్టిందో పైవాళ్లకు తెలియకూడదని వేసిన గుర్తు ఇది. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మను సిపాయిలు మోసిన రైఫిలు మీద కనిపిస్తుంది.

ఆ రైఫిలు పేరు కారబీనర్ 98కె. చివరి 'కె' అంటే జర్మను భాషలో 'పొట్టిది' అని అర్థం. 1935లో సైన్యం దీన్ని స్వీకరించింది. 7.92 మిల్లీమీటర్ల తూటాలు, ఒకసారికి అయిదు పడతాయి. మూలరూపం ఓబర్న్‌డార్ఫ్ ఊళ్లోని మౌజర్ కంపెనీది. మొదటి యుద్ధం తర్వాత వెర్సాయి సంధి జర్మనీలో ఆయుధాల తయారీకి గట్టి హద్దులు పెట్టింది. అందుకని తొలినాళ్లలో మౌజర్ తన పేరు వేయకుండా 'ఎస్/42' అని వేసేది. సంవత్సరాన్ని కూడా దాచారు. 'కె' అంటే 1934, 'జి' అంటే 1935.

యుద్ధం మొదలయ్యాక అంకెలు పోయి అక్షరాలు వచ్చాయి. తుపాకి శత్రువుల చేతికి చిక్కినా, అది ఏ ఊళ్లో తయారైందో వాళ్లకు తెలియకూడదు. తెలిస్తే ఆ కర్మాగారం మీద బాంబులు పడతాయి. తూటా కూర్చునే గది పైన, గుండ్రని ఉక్కు భాగం మీద ఆ అక్షరాలు, వాటి కింద సంవత్సరం చివరి రెండంకెలు ఉంటాయి. 'బి.వై.ఎఫ్. 44' అంటే మౌజర్, ఓబర్న్‌డార్ఫ్, 1944. అదే కర్మాగారం 1945లో 'ఎస్.వి.డబ్ల్యు.'గా మారింది. 'బి.ఎన్.జెడ్.' అంటే ఆస్ట్రియాలోని స్టైర్. 'డి.ఓ.టి.' అంటే చెక్ దేశంలోని బ్రునో. 'బి.సి.డి.' అంటే వైమార్‌లోని గుస్ట్‌లోఫ్. చివరి రోజుల్లో రెండంకెలు కొట్టే ఓపిక కూడా లేక, గుస్ట్‌లోఫ్ వాళ్లు 1944కు ఉత్త '4' వేసి ఊరుకున్న తుపాకులున్నాయి.

పక్కనుండే నంబరుకూ ఒక లెక్క ఉంది. సాధారణంగా పదివేలు దాటగానే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టి, కింద 'ఎ' అక్షరం చేర్చేవారు. ఆ పదివేలూ అయితే 'బి'. కొత్త సంవత్సరం రాగానే అంతా మొదటికి. చిన్న చిన్న భాగాల మీద గద్ద బొమ్మ, దాని కింద ఒక అంకె ఉంటాయి. అది సైన్యం తనిఖీ ముద్ర. 135 అంటే ఓబర్న్‌డార్ఫ్ తనిఖీ.

ముద్ర చెరిగిపోయినా, యుద్ధం చివరి తుపాకిని చూడగానే పోల్చుకోవచ్చు. తుపాకి ఒళ్లే ఆ సంగతి చెబుతుంది. వాల్‌నట్ కర్ర యుద్ధానికి ముందే తగ్గిపోయి, పలుచని చెక్కలు అతికించిన కొయ్య వచ్చింది. యుద్ధం సాగేకొద్దీ నున్నగా చెక్కిన ఉక్కు భాగాల చోట రేకును ఒత్తి చేసినవి వచ్చాయి. గొట్టం తుడిచే కడ్డీ పోయింది. ఆఖరున బాయినెట్టు తగిలించే కొక్కెం కూడా పోయింది. నల్లగా మెరిసే ఉక్కు బూడిదరంగుకు తిరిగింది. నానాటికీ చితికిపోతున్న ఇంటిని అక్కడి గిన్నెలే పట్టిస్తాయంటారు కదా, అదే తీరు.

అయితే ఈ మూడక్షరాలు దాచినది కర్మాగారం పేరొక్కటే కాదు. గుస్ట్‌లోఫ్ సంస్థ పుట్టుకలోనే అన్యాయముంది. సూల్ పట్టణంలో సిమ్‌సన్ అనే యూదు కుటుంబం నుంచి నాజీలు లాక్కున్న కర్మాగారం అందులో భాగం. 1943లో ఆ సంస్థ బూఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరం పక్కనే ఇంకో కర్మాగారం తెరిచింది. పనివాళ్లు శిబిరంలోని ఖైదీలే. 1944 ఆగస్టు 24న అమెరికా విమానాలు దాని మీద బాంబులు వేసినప్పుడు వందలమంది ఖైదీలు చనిపోయారు. ఆ గందరగోళంలోనే కొందరు ఖైదీలు కొన్ని తుపాకులను రహస్యంగా దాచారు. 1945 ఏప్రిల్ 11న, శిబిరానికి విముక్తి కలిగిన రోజున, అవి వాళ్ల చేతుల్లో ఉన్నాయి. 'బి.ఎన్.జెడ్.' వెనకా ఇదే కథ. మౌట్‌హౌజెన్ శిబిరానికి అనుబంధమైన గూసెన్‌లో వేలమంది ఖైదీలు స్టైర్ కంపెనీకి రైఫిలు భాగాలు చేశారు. తుపాకి మీద కంపెనీకి మూడక్షరాలు, తనిఖీ చేసినవాడికి గద్ద ముద్ర ఉన్నాయి. చేసిన మనిషికి మాత్రం ఒక్క గీత కూడా లేదు.

యుద్ధం అయ్యాక కూడా ఈ తుపాకుల మీద ముద్రలు పడుతూనే ఉన్నాయి. సోవియట్ సైన్యం పట్టుకున్నవాటిని విప్పి, కలగలిపి, తిరిగి బిగించి, భాగాలకు కొత్త నంబర్లు వేసి దాచింది. అందుకే నంబర్లన్నీ కలిసినంత మాత్రాన అది మొదటి తుపాకే అనుకోకూడదు. 1948లో కొత్తగా ఏర్పడిన ఇజ్రాయెల్ చెకొస్లొవేకియా నుంచి ఈ రైఫిళ్లను కొన్నది. తర్వాత వాటిని 7.62 మిల్లీమీటర్ల తూటాకు మార్చుకుంది. నాజీ గద్ద ఉన్న ఉక్కు మీదే యూదుల నక్షత్రం పడింది. చరిత్ర ఒక్కొక్కసారి ఇలా కూడా లెక్క సరిచేస్తుంది.

ఈ సంగతులతో మనకేం పని అంటారా? బెంగుళూరులోని మద్రాస్ శాపర్స్ దళంలో చేరి ఆఫ్రికా, ఇటలీ రణరంగాలకు వెళ్లినవారిలో తెలుగువారూ ఉన్నారు. అటువంటి తాతగారి ట్రంకుపెట్టెలో పాత జర్మను బైనాక్యులర్స్ ఉంటే ఒకసారి తుడిచి చూడండి. 'బి.ఎల్.సి.' అని ఉంటే యేనా నగరంలోని జైస్ కంపెనీది. 'బి.ఇ.హెచ్.' అని ఉంటే లైట్జ్ కంపెనీది. ఆ వస్తువు ఇంటికెలా వచ్చిందో తెలిసిన పెద్దవాళ్లు ఉంటే, వాళ్లనడిగి ఒక కాగితం మీద రాసి దానితోపాటే ఉంచండి. కర్మాగారం పేరు ముద్రే చెబుతుంది, మనిషి పేరు మాత్రం మనమే రాసి పెట్టాలి.