కార్డు చేతికొచ్చింది, దవాఖానా ఏమైంది?

పేదోళ్ల వైద్యం కోసమని తెచ్చిన మార్పు పేదోళ్లకే చేటు చేస్తుందా? ఈ మాట ఎత్తితే మన సంఘాల్లోనే కొందరికి కోపమొస్తోంది. ‘ఆరోగ్యశ్రీ వచ్చాకనే గదా కూలోడు కార్పొరేట్ ఆసుపత్రి గడప తొక్కింది, గుండె ఆపరేషన్ చేయించుకుంది! దాన్నీ తప్పుబడితే ఎట్లా?’ అంటున్నారు. నిజమే. ఆ కార్డుతో బతికినోళ్లు మన వాడల్లో ఉన్నారు. కార్డు తీసెయ్యమని మేము అనడం లేదు.

కానీ రెండో నిజం కూడా మాట్లాడుకోవాలి. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఈ పథకం, మరుసటేడుకి రాష్ట్రమంతా వచ్చింది. ఇది ప్రధానంగా ఆపరేషన్లకూ, ఆసుపత్రిలో చేర్చుకుని చేసే పెద్ద వైద్యానికీ డబ్బు కట్టే పథకం. మన వాడల్లో రోజూ కనిపించేవి ఏంటి? జ్వరాలు, విరోచనాలు, రక్తం తక్కువ, టీబీ, బీపీ, షుగరు. వీటిని చూడాల్సింది 5 వేల జనానికి ఒక సబ్‌సెంటరు, 30 వేల జనానికి ఒక పీహెచ్‌సీ అని సర్కారు తానే పెట్టుకున్న లెక్క. అక్కడ డాక్టరు లేకపోతే, ‘మందులు అయిపోయినయ్, వచ్చేవారం రా’ అంటే, ఒకపూట కూలి పోగొట్టుకుని పోయిన మనిషి మళ్లీ పోతాడా? బీపీ బిళ్ల మానేస్తాడు. అదే పక్షవాతమో, కిడ్నీ జబ్బో అయ్యాక కార్డు పట్టుకుని పట్నం పోతాడు. బిళ్ల ఇవ్వని సర్కారు డయాలసిస్‌కు డబ్బు కడుతుంది. ఆ డబ్బులో ఎక్కువ ప్రైవేటోడికే పోతుంది.

ఆపరేషన్‌కు ఇంత అని కట్టినప్పుడు ఆపరేషన్లు పెరుగుతాయి. అవసరం లేకున్నా మన ఆడోళ్ల గర్భసంచులు తీసేస్తున్నారని గోల రేగాక, ప్రభుత్వమే ఆ ఆపరేషన్‌ను సర్కారు ఆసుపత్రులకు పరిమితం చేయాల్సి వచ్చింది. 2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. అప్పుడు కార్డు ఉన్నోడు ఎక్కడికి పోవాలి? పక్కన బలమైన సర్కారు దవాఖానా లేకపోతే ఆ కార్డు అట్ట ముక్కే.

అదే 2025 సెప్టెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రెండున్నర లక్షల దాకా వైద్యాన్ని ఇన్సూరెన్సు కంపెనీలకు అప్పగించాలనీ, 10 కొత్త మెడికల్ కాలేజీలను ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలనీ నిర్ణయించింది. క్లెయిమ్ కాదంటే కంపెనీకి లాభం. ప్రైవేటు చేతికి పోయిన కాలేజీలో ఫీజు కట్టలేని మాదిగ పిల్ల, మాల పిల్లాడు డాక్టరయ్యేదెట్లా? మన వాడ భాష తెలిసిన డాక్టరు వాడకొచ్చేదెప్పుడు?

ప్రజారోగ్యం మెరుగుపరచడం రాజ్యం ప్రాథమిక విధి అని రాజ్యాంగం 47వ అధికరణ చెబుతోంది. దాన్ని కార్డుతో సరిపెట్టనివ్వకూడదు.

అన్నలారా, అక్కలారా! ఈ పక్షం రోజుల్లో ప్రతి సంఘమూ తన పీహెచ్‌సీకి పోవాలి. డాక్టరు వారంలో ఎన్ని రోజులున్నాడు, బీపీ, షుగరు బిళ్లలున్నాయా, కాన్పుకు నర్సుందా — రాసుకోండి. ఆ కాగితం పట్టుకునే గ్రామసభలో, కలెక్టరాఫీసులో అడుగుదాం. కార్డూ కావాలి, దవాఖానా కూడా కావాలి.