మన వంటిల్లు: గ్లాసంటే ఏ గ్లాసు?



ఈ నెల ఒక ఉత్తరంతో మొదలుపెడుతున్నాము. “మీరు వ్రాసినట్లే క్రిస్మస్‌కు కుక్కరులో కేకు చేశాను. రాయిలా గట్టిపడింది. తింటే సబ్బు రుచి. కుక్కరు అడుగంతా మసి. మా కోడి పెట్టిన నాలుగు గుడ్లు పిల్లలకు పెట్టకుండా దాచి చేశాను, వృథా అయిపోయాయి. ‘మనకెందుకమ్మా ఈ పుస్తకాల వంటలు’ అన్నారు మా అత్తగారు” అని ఒక సహోదరి వ్రాశారు.

చదివి సిగ్గుపడ్డాము. తప్పు ఆమెది కాదు, మాదే. “2 గ్లాసుల మైదా, 4 గుడ్లు” అని వ్రాశాము గాని ఏ గ్లాసో చెప్పలేదు. మా గ్లాసు 200 మి.లీ. వారింటి మంచినీళ్ళ గ్లాసు 300 మి.లీ. మాకు 200 గ్రాముల పిండి వస్తే, ఆమెకు 300 గ్రాములు వచ్చింది. గుడ్లు మాత్రం నాలుగే. ఇక కేకు గట్టిపడక ఏమవుతుంది?

మన అమ్మమ్మలకు ఈ చిక్కు లేదు. 4 గిద్దలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక. ఏళ్ళ తరబడి ఇంట్లో అదే సోల. మనం కూడా ఒక గ్లాసును కొలతకే ఉంచుకుందాము. లీటరు సీసా నిండా నీళ్ళు తీసుకోండి. ఏ గ్లాసుతో సరిగ్గా 4 సార్లు వస్తాయో అది 250 మి.లీ. గ్లాసు. ఆ గ్లాసుతో జల్లించిన మైదా సుమారు 125 గ్రాములు, పంచదార 200, నూనె 230 తూగుతాయి. పిండిని నొక్కి నింపవద్దు. వదులుగా పోసి, పైన చాకుతో చదును చేయండి.

చెంచా సంగతీ అంతే. చిన్న చెంచా 5 మి.లీ., పెద్ద చెంచా 15 మి.లీ. పిల్లల మందు సీసాతో వచ్చే గీతల మూతతో మీ చెంచాను సరిచూసుకోండి. ఇది కేకుకే కాదు. బిడ్డకు విరేచనాలై ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు దొరకనప్పుడు, కాచి చల్లార్చిన లీటరు నీటిలో 6 చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి పడతాము గదా. అన్నీ చదునుగానే కొలవాలి. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం. కేకు పోతే మరొకటి చేసుకోవచ్చు.

ఇక సబ్బు రుచి. వారి ఊరి కొట్టులో బేకింగ్ పౌడరు లేక, అంతే వంట సోడా వేశారట. సోడా దానికంటే మూడు నాలుగు రెట్లు ఘాటు. పైగా పులుపు తగలకపోతే ఆ రుచి పోదు. ఒక చెంచా బేకింగ్ పౌడరుకు బదులు పావు చెంచా సోడా, అర గ్లాసు పుల్ల పెరుగు వేసి, పాలు అంత మేరకు తగ్గించండి. ఇంకా కొన్ని:

ఒక గుడ్డుకు బదులు పావు గ్లాసు పెరుగు.
గ్లాసు వెన్నకు బదులు ముప్పావు గ్లాసు నూనె.
గ్లాసు పుల్ల మజ్జిగకు బదులు గ్లాసు పాలలో పెద్ద చెంచా నిమ్మరసం పిండి, 10 నిమిషాలు ఆగాలి.
చిక్కదనానికి పెద్ద చెంచా కార్న్‌ఫ్లోరుకు బదులు 2 పెద్ద చెంచాల మైదా.
పంచదారకు బదులు అంతే బెల్లం పొడి. కేకు ముదురు రంగులో, కొంచెం తడిగా వస్తుంది.

మసి మాత్రం పొయ్యి చెప్పే మాట. గ్యాసు మంట నీలంగా ఉండాలి. పచ్చగా లేస్తే బర్నరు రంధ్రాలు పూడుకున్నాయన్నమాట. గ్యాసు వృథా, గిన్నెకు మసి. వారానికొకసారి పొయ్యి చల్లారాక బర్నర్లు తీసి, వేడి సబ్బు నీటిలో నానబెట్టి, పాత బ్రష్షుతో రుద్ది, పూడిన రంధ్రాలను పిన్నుతో తీయండి. బాగా ఆరాకనే అమర్చండి. అప్పటికీ మంట పచ్చగా ఉంటే మెకానిక్కును పిలవండి.

గొట్టం మీద అచ్చువేసిన గడువు చూడండి. దాటితే మార్చండి. గ్యాసు కారుతోందని అనుమానం వస్తే సబ్బు నురగ పూసి చూడాలి గాని, అగ్గిపుల్ల గీయకూడదు. రాత్రి పడుకునే ముందు రెగ్యులేటరు కట్టేయండి. ఈ గ్యాసు గాలికంటే బరువు, నేలమీదనే పరుచుకొని ఉంటుంది. వాసన వస్తే ఏ స్విచ్చీ వేయవద్దు, ఆర్పవద్దు. మంట ఏదైనా ఉంటే ఆర్పి, రెగ్యులేటరు కట్టి, తలుపులు, కిటికీలు తెరిచి, పిల్లలతో బయటకు వచ్చి, 1906కు ఫోను చేయండి.

ఆ సహోదరికి ఈ కొలతలన్నీ ముందే వ్రాసి పంపాము. ఈస్టరుకు మళ్ళీ చేస్తానని, ఈసారి అత్తగారే గుడ్లు దాస్తున్నారని జవాబు వచ్చింది. ఇకమీదట ఈ శీర్షికలో గ్లాసంటే 250 మి.లీ., చెంచా అంటే చదునుగా 5 మి.లీ. ఈ పేజీ కత్తిరించి వంటింటి అలమర తలుపుకు అంటించుకోండి.