రాజశేఖరం మీద జోకులు సరే... మన పేరెందుకు దాచుకోవాలి?

ఆరడుగుల ఎత్తు, పెద్ద కారు, అంతకంటే పెద్ద బంగళా. కోపం వస్తే పిడికిలి బిగిస్తాడు, ప్రేమ పొంగినా పిడికిలే బిగిస్తాడు! ఇంత చెప్పాక ఇతనెవరో మీలో చాలామందికి వేరే చెప్పక్కర్లేదు. యద్దనపూడి సులోచనారాణి గారి నవలా నాయకుడు. ఈమధ్య ఫోన్లలో ఈయనగారి మీద వస్తున్న జోకులకి అంతులేదు. "రాజశేఖరం లాంటి మొగుడు కావాలనుకుంటే, గ్యాస్ బండ కూడా నాచేతే మార్పించే మొగుడు దొరికాడు" అని ఒకావిడ రాస్తే కింద వరసగా నవ్వే బొమ్మలే. నేనూ నవ్వాను. నవ్వకుండా ఎలా ఉంటాం?

అయితే ఇలాంటి జోకులు రెండు రకాలు. ఆ నవలలు కంఠతా వచ్చినవాళ్ళు వేసే జోకు ఒక రకం. అందులో ప్రేమ ఉంటుంది, కొంచెం తమను తాము చూసి నవ్వుకోవడమూ ఉంటుంది. ఒక్క నవల కూడా చదవని మగమహారాజులు "ఆడవాళ్ళ చదువు ఇంతేగా!" అంటూ వేసేది రెండో రకం. అది పుస్తకం మీద జోకు కాదు, చదివే మనిషి మీద జోకు. ఈ రెండింటినీ కలిపి "సరదాకేలే" అని కొట్టిపారేస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మాది కూసుమంచి. ఖమ్మం నుంచి సూర్యాపేట వెళ్ళే రోడ్డు మీద ఊరు. కాకతీయుల నాటి గణపేశ్వరాలయం చూద్దామని, పాలేరు జలాశయం చూద్దామని వచ్చేవాళ్ళున్నారు గానీ, పుస్తకాల కోసం ఇక్కడికి ఎవరూ రారు. మంచి నవల కావాలంటే మేమే ఖమ్మం బస్సెక్కాలి. అలాంటిది ఇప్పుడు మా వీధిలో డిగ్రీ చదివే పిల్ల దగ్గర్నుంచి మిషన్ కుట్టే మా వదిన దాకా అందరూ ఫోన్లో నవలలు చదువుతున్నారు. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపిలో తెలుగు సీరియళ్ళు భాగాలు భాగాలుగా వస్తాయి. ప్రతి భాగం కింద పాఠకుల గోల. "తర్వాతి భాగం ఎప్పుడు?", "ఆ అత్తగారిని ఊరికే వదలొద్దు!", "హీరోకి అంత పొగరేమిటి?"

"ఫోన్ పిచ్చి" అని పెద్దవాళ్ళు విసుక్కుంటారు. నిజం చెప్పండి, ఇదేమన్నా కొత్తా? వారపత్రికలో సీరియల్ వచ్చే రోజుల్లో పత్రిక ముందు ఎవరికి అందాలని అక్కాచెల్లెళ్ళు తగాదా పడలేదూ? అద్దెకిచ్చే నవలలు గుర్తున్నాయా? అట్ట ఊడిపోయి, చివరి పేజీ చిరిగిపోయి వచ్చేవి. పేజీ అంచున పెన్సిల్ రాతలుండేవి. "ఈమె ఏడుపు చూడలేక ఛస్తున్నాం" అని ఒకరు రాస్తే, "అయితే చదవకు" అని దాని కిందే ఇంకో చేతిరాత! నా లెక్కలో ఇప్పటి కామెంట్లకు అమ్మమ్మలు ఆ పెన్సిల్ రాతలే. ఎక్కడో ఇంగ్లండులో షెర్లాక్ హోమ్స్‌ని 1893లో రచయిత చంపేస్తే పాఠకులు ఊరుకోలేదు. చివరికి 1903లో ఆయనే మళ్ళీ బతికించాల్సొచ్చింది. వాళ్ళదేమో సాహిత్యాభిమానం, మనదేమో పిచ్చి!

ఈ పిచ్చివాళ్ళ జ్ఞాపకశక్తి ఎలాంటిదో 2016లో లోకానికి తెలిసింది. ఆ జూన్‌లో త్రివిక్రమ్ గారి 'అ ఆ' సినిమా వచ్చింది. హాల్లోంచి బయటికొస్తూనే ఆడవాళ్ళు గుర్తుపట్టేశారు, ఇది యద్దనపూడి 'మీనా' కదా అని. 1973లోనే విజయనిర్మల గారు సినిమాగా తీసిన నవల అది. మరి తెరమీద రచయిత్రి పేరేదీ? ఫోన్లలో ఈ ప్రశ్న గట్టిగానే తిరిగింది. తర్వాత ఆమె పేరు చేర్చారు. ఆ ప్రశ్నకు బలమిచ్చినవాళ్ళు పెద్ద విమర్శకులు కాదు, పోపు వేస్తూ నవల చదివారని ఎగతాళి పడ్డవాళ్ళే. 2018 మే నెలలో యద్దనపూడి గారు అమెరికాలో కన్నుమూసినప్పుడు పేజీలకు పేజీలు జ్ఞాపకాలు రాసుకున్నదీ వాళ్ళే.

ఇక వాదనల సంగతి. మన పుస్తకాల వాదనలు ఎప్పుడూ మెత్తగా లేవు. రంగనాయకమ్మ గారి 'రామాయణ విషవృక్షం' మీద 1970లలో మొదలైన రగడ నేటికీ చల్లారలేదు. యండమూరి 'తులసిదళం' మీద ఆవిడ రాసిన విమర్శకు పెట్టిన పేరు 'తులసిదళం కాదు గంజాయి దమ్ము'! ఇంతకంటే ఘాటుగా ఈనాటి ఏ పోస్టుంది? కానీ ఆవిడ తన పేరుతో రాశారు. రచయిత్రుల హవా నడిచిన ఆ కాలంలో ఆడపేరుకి ఎంత గిరాకీ ఉండేదంటే, పురాణం సుబ్రహ్మణ్యశర్మ గారంతటి సంపాదకుడే పురాణం సీత పేరుతో 'ఇల్లాలి ముచ్చట్లు' రాశారు.

మరి ఇప్పుడో? మా వదిన ఫోన్లో ఆమె పేరు లేదు. సన్నజాజుల బొమ్మ ఉంటుంది. "ఎందుకొదినా?" అని అడిగా.

"నీకు తెలియదా వదినా! చెయ్యెత్తి కొట్టే హీరోది ప్రేమెట్లా అవుతుందని ఒక్క మాట రాసినా. ఎవడో ముక్కూమొహం తెలియనోడు ముందు కూర వండటం నేర్చుకోమన్నడు. ఊరుకుంటే అదో తీరు. నా ఫొటోలు వెతికి, రాత్రి పదకొండింటికి మెసేజీలు! మీ అన్నయ్య చూస్తే ఫోనే వద్దంటడు. అందుకే ఆ మాటా తీసేసిన, పేరూ తీసేసిన."

ఇదండీ అసలు సమస్య. బెదిరించినవాడు దర్జాగా తన పేరుతోనే ఉన్నాడు, చదివిన మనిషి పువ్వు చాటుకెళ్ళింది. పైగా ఇంట్లో శిక్ష ఎవరికి? ఫోన్ పోయేది ఎవరిది? వద్దన్నా వెంటపడి మెసేజీలు పెట్టడం, ఫోన్లో ఆమె ఏం చేస్తోందో కాపు కాయడం 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. తెలంగాణలో 2014 నుంచి షీ టీమ్స్ ఉన్నాయి. మెసేజీలు చెరిపేయకుండా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే ఫిర్యాదుకి పనికొస్తుంది. మా వదిన సిగ్గుతో అన్నీ చెరిపేసింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, మనలో మనకీ కొంత దురుసుతనం ఉంది. కొత్తగా చదివే పిల్ల ఎవరైనా "ఈ హీరో నాకు నచ్చలేదు" అంటే చాలు, "మా యద్దనపూడినే అంటావా, నీ వయసెంత?" అని పదిమంది ఎగబడతాం. ఆ పిల్ల కూడా పువ్వు బొమ్మ పెట్టుకుని మాయమవుతుంది. ఇలా అయితే రేపు ఈ నవలలు చదివేదెవరు?

మొన్న మా వీధి పిల్ల 'సెక్రటరీ' చదివింది. ఒకప్పుడు 'జ్యోతి' మాసపత్రికలో వచ్చిన నవల, 1976లో నాగేశ్వరరావు, వాణిశ్రీలతో సినిమా అయింది. "బాగుంది గానీ అత్తా, బాస్ సెక్రటరీ వెంటపడితే ఇప్పుడు ఆఫీసులో కమిటీకి పోతది కేసు, 2013 చట్టం ఉంది" అంది. నాకు నవ్వాగలేదు. మా వదిన మాత్రం మిషన్ ఆపేసింది. "జయంతి కమిటీ దాకా పోయే రకం కాదు, మొహం మీదే అడిగే రకం" అంది. గంటసేపు తెగలేదు. మధ్యలో బ్లౌజు కోసం వచ్చినావిడ కూడా కూర్చుండిపోయి, వాణిశ్రీ కొప్పు తప్ప సినిమాలో ఏం లేదని తేల్చేసింది.

ఆ పిల్ల అదంతా ఆ రాత్రి గ్రూపులో పెట్టింది, తన సొంత పేరుతోనే. తెల్లారేసరికి కింద నలభై జవాబులు. సగం తిట్లు, సగం వాదన. అందులో ఒక సన్నజాజి బొమ్మ కూడా ఉంది. జయంతి తరఫున పేజీ నంబర్లతో సహా రాసింది.